అనంతపురంలో భూమి కొలిచిన జట్లు

మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండలో గ్రామ సర్వేయరు గెనిమ మీద, అంటే పొలం గట్టు మీద, ఉపగ్రహ సిగ్నల్‌తో కొలిచే రోవర్ నిలబెట్టి సిగ్నల్ కోసం చూస్తుంటాడు. పక్కన ఇద్దరు రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడి ఉంటారు. జేబులో ఫోను ఆగకుండా మోగుతుంటుంది. సచివాలయం గ్రూపులో హాజరు వేశావా అని, సర్వే గ్రూపులో ఈరోజు ఎన్ని ఎకరాలయ్యాయని, తహసీల్దారు గ్రూపులో సాయంత్రం వీడియో కాన్ఫరెన్సుకు (వీసీకి) అంకెలు పంపమని. ముగ్గురూ పై అధికారులే. గెనిమ దగ్గర మాత్రం వాళ్లలో ఒక్కరూ ఉండరు.

రాష్ట్రంలో భూములన్నిటినీ మళ్లీ కొలిచే రీసర్వే మాట ఎత్తితే చాలు, జిల్లాలో వాదన డ్రోన్ల మీదికో పాసుపుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి ఫొటో మీదికో పోతుంది. రెవెన్యూలో ఇన్నేళ్లు చాకిరీ చేసినవాడిగా నాకు గొడవ అక్కడ కనిపించదు. కొలిచే జట్టుకు పెద్ద ఎవరు, ఆ పెద్ద ఎన్నాళ్లుంటాడు, తప్పు దొరికితే సరిచేసే పని ఎవరిది అన్నవాటి దగ్గరే మన సీమలో భూమి రికార్డు బాగుపడిందైనా, చెడిందైనా. ఇది చెప్పాలంటే 1800 దాకా వెనక్కి పోక తప్పదు.

ఆ ఏడాది నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ కర్నూలులో కొంత భాగాన్నీ ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు పుట్టేదాకా మనం దత్తమండలాల వాళ్లమే. కంపెనీ అధికారి థామస్ మన్రోను ప్రిన్సిపల్ కలెక్టరుగా వేసి, కింద నలుగురు సబ్ కలెక్టర్లను ఇచ్చారు. మొదట అతని కచేరీ అనంతపురంలోనే. కచేరీ అన్నామే గానీ, ఎక్కువ కాలం గుడారంలోనే గడిపాడు. దాదాపు 80 మంది పాళెగాళ్లను లొంగదీసే పని ఒకవైపు, ఊరూరా శిస్తు కట్టే పని ఇంకోవైపు.

1802లో భూమి కొలత మొదలుపెట్టేనాటికి ఈ దత్తమండలాలన్నిటిలో కొలవడం తెలిసినవాళ్లు నలుగురే నలుగురు, కచేరీలోని గుమాస్తాలు. వాళ్లతోనే మొదలైంది. ఆ ఏడాది ఆఖరుకు యాభై మంది అయ్యారు, మరుసటి ఏడాదికి వంద. వాళ్లను పది జట్లు చేసి, జట్టుకో హెడ్ సర్వేయరును పెట్టారు. చేతిలో 33 అడుగుల గొలుసు. ఆ పొడవున నలుచదరం గీస్తే 1,089 చదరపు అడుగులు. అలాంటివి 40 కలిస్తే ఎకరా. తెలంగాణ వాళ్లు, కన్నడం వాళ్లు ఇప్పటికీ గుంట అనేది దాన్నే. మనం సెంట్లలోకి వచ్చేశాం.

గొలుసు కన్నా నాకు ముచ్చటగా అనిపించేది జీతాల ఏర్పాటు. కొలిచేవాడికి కొలిచిన ఎకరాల లెక్కన కూలి. ఎంత తొందరగా కొలిస్తే అంత డబ్బు. తొందరలో తప్పులు వస్తాయని మన్రోకు తెలియక కాదు. అందుకే హెడ్ సర్వేయరుకు ఎకరా కూలి పెట్టలేదు, నెల జీతం ఇచ్చాడు. అతని పని, కింది వాళ్లు కొలిచిన పొలాల్లో కొన్నింటిని తనకు తోచినట్టు ఎంచుకుని మళ్లీ కొలవడం. తేడా హద్దు దాటితే కొలిచినవాడి ఉద్యోగం పోతుంది. పని జోరు ఒకరి చేతిలో, తనిఖీ ఇంకొకరి చేతిలో. తనిఖీ చేసేవాడికి ఎకరాలతో లాభం లేదు. ఈ చిన్న ఏర్పాటును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాల్సి ఉంది.

మన్రోను నెత్తిన పెట్టుకోవాలని నా ఉద్దేశం కాదు. కొలత అంతా శిస్తు పిండడానికే, కట్టిన రేట్లూ బరువైనవే. వెళ్లిపోయే ముందు 1807లో నాలుగో వంతు తగ్గించాలని అతనే రాశాడు, మద్రాసులో వినలేదు. అతను ఓడ ఎక్కాక, ఒక్కో రైతుతో నేరుగా శిస్తు కట్టించుకునే రైతువారీ పద్ధతినే పక్కన పెట్టి, ఊళ్లను కౌలుకిచ్చారు. ముందు మూడేళ్లకు, ఆ తర్వాత పదేళ్లకు. కౌలుదార్లు దివాళా తీశారు, ఊళ్లు చితికిపోయాయి. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకే రైతువారీ మళ్లీ నిలబడింది. ఏడేళ్లు కూర్చుని నిలబెట్టిన పనే, మనిషి కదిలేసరికి రెండేళ్లలో తల్లకిందులైంది. ఆ గవర్నరు 1827లో పర్యటన మీద వచ్చి మన పత్తికొండలోనే కలరాతో పోయాడు.

అతను కూడా కదిలించని మనిషి ఒకడున్నాడు, కరణం. కొలత కంపెనీదే అయినా లెక్క కరణం దస్తరంలోనే ఉండేది. ఏ చేను ఎవరిదో, ఏ రాయి ఎప్పుడు జరిగిందో, ఏ అన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్నారో అతనికే ఎరుక. బ్రిటిష్ కాలపు రీసెటిల్మెంట్ రిజిస్టర్లలో, మేము డైగ్లాట్ అని పిలిచేవాటిలో, పట్టాదారు పేరు తేలని చోట కాలమ్‌లో చుక్కలు పెట్టి వదిలేశారు. రాసినవాడికి అది ఒక్క నిమిషం పని. ఆ చుక్కల భూములు అమ్మడానికి వీల్లేక రైతులు తరాలపాటు కచేరీల చుట్టూ తిరిగారు, చివరికి 2017లో వాటికోసం విడిగా చట్టమే తేవాల్సి వచ్చింది.

కరణాన్ని కదిలించింది 1984. జనవరి 6న ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను ఒక్క దెబ్బకు తీసేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, 1985లో అక్కడా ప్రభుత్వం మాటే నిలిచింది. వంశపారంపర్యంగా ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న పదవి పోవడం న్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పదవి తీసేసిన రోజు, పదవిలోని తెలివిని ఎవరికి అప్పజెప్పాలో ఎవరూ ఆలోచించలేదు. కొందరు కరణాలు దస్తరాలు మూటగట్టి తెచ్చి ఇచ్చారు. కొందరు ఇవ్వలేదు. ఇచ్చినవాటిలోనూ పొలాల కొలతల పటాల పుస్తకం ఎఫ్‌ఎంబీ ఉంటే సాగు లెక్కల అడంగల్ లేదు, అడంగల్ ఉంటే చివరి పేజీలు లేవు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెకు హద్దులు చూపడానికి పోయాను. పటం నా చేతిలోనే ఉంది, మూల రాయి మాత్రం దొరకదు. పొద్దు వాలేదాకా తిరిగాక ఒక రైతు జాలిపడి, "ఆ కరణం తాతను పిలుచుకురా సామీ" అన్నాడు. పదవి పోయి ఏళ్లయిన ఆ ముసలాయన కర్ర పట్టుకుని వచ్చి, కంపచెట్టు కింద కాలితో మట్టి గీరి రాయి చూపించాడు. నాకు సిగ్గేసింది. ఆయనేమో నవ్వి, "మీ పటంలో ఉంది నాయనా, చదవడం తెలియాల" అన్నాడు.

కరణాల స్థానంలో ఎవరు అన్నదానికి ప్రభుత్వం చాలా ఏళ్లు తడుముకుంది. గ్రామ సహాయకులు, వీఏఓలు, పంచాయతీ కార్యదర్శులు, వీఆర్ఓలు అంటూ బోర్డులు మారుతూ వచ్చాయి. ఈ లోపు 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. అనంతపురానికి 63. అద్దె ఇళ్లలో ఎమ్మార్వో ఆఫీసులు, తాలూకా కచేరీ నుంచి ఎడ్లబండ్ల మీద, లారీల మీద వచ్చిన రికార్డుల కట్టలు. జనానికి ఆఫీసు దగ్గరైంది, మంచిదే. పట్టాదారు పాసుపుస్తకాలు ఊపందుకున్నది ఆ తర్వాతే.

ఇదే రాష్ట్రంలో ఒక మార్పు మాత్రం నిలబడింది. రిజిస్ట్రేషన్ల శాఖలో 1998 నవంబరు 4న 214 సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో కార్డ్ పేరుతో కంప్యూటర్లు పెట్టారు. అంతకు ముందు ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ కావాలంటే గుమాస్తా పాత వాల్యూములు తిరగేసి రాసివ్వడానికి రోజులు పట్టేది, మధ్యలో టీ ఖర్చులు సరేసరి. ఆ తర్వాత నిమిషాల్లో చేతికొచ్చేది. అప్పటి ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ నడిపిన ఆ పనిలో మెచ్చుకోవాల్సింది యంత్రాలను కాదు. బయటి నుంచి ఆపరేటర్లను తెచ్చి కూర్చోబెట్టకుండా, అదే ఆఫీసులో కలం పట్టిన గుమాస్తాకే కీబోర్డు నేర్పారు. సబ్ రిజిస్ట్రారు కుర్చీ కదలలేదు. దస్తావేజు లేఖరిని తరమలేదు. రాయలసీమ గుమాస్తాకు కంప్యూటరంటే ముందు భయం, తర్వాత గర్వం. లంచం పోయిందా అంటే, అది వేరే కథ.

2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలొచ్చాయి, రాష్ట్రమంతా 15,004. డిగ్రీలు, డిప్లొమాలు చేసిన పిల్లలు పరీక్ష రాసి వచ్చారు, అందులో గ్రామ సర్వేయర్లు ఒక వర్గం. ఏడాది తిరగ్గానే, 2020 డిసెంబరు 21న, జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో రీసర్వే ప్రారంభించారు. బ్రిటిష్ వాళ్ల తర్వాత రాష్ట్రం మొత్తాన్ని కొత్తగా కొలవడం ఇదే మొదలు. ముందు డ్రోను ఫొటో, ఆ బొమ్మ చేతపట్టుకుని పొలంలో హద్దులు సరిచూసుకునే గ్రౌండ్ ట్రూతింగ్, రోవర్‌తో కొలత, పాత రీసెటిల్మెంట్ రిజిస్టరుతో (ఆర్‌ఎస్‌ఆర్‌తో) సరిపోల్చడం, రైతులకు సర్వే చట్టం సెక్షన్ 9(2) నోటీసులు, అభ్యంతరం చెబితే మొబైల్ మెజిస్ట్రేటుగా డిప్యూటీ తహసీల్దారు విచారణ, చివరికి అదే చట్టం సెక్షన్ 13 నోటిఫికేషన్, రాళ్లు. కాగితం మీద వంక పెట్టలేం.

జట్టు కుదిరిన తీరులోనే ఉంది తిరకాసు. గ్రామ సర్వేయరుకు హాజరు, సెలవు సచివాలయంలో. పని నేర్పేది మండల సర్వేయరు. గడువు అడిగేది తహసీల్దారు, జిల్లాలో లెక్క చెప్పాల్సింది జాయింట్ కలెక్టరు. వీఆర్ఓ పక్కనుండాలి, అతనికి అదే రోజు పింఛన్ల పనో, ఓటరు జాబితా పనో. కొలిచేవాడికి రోజుకింత అని టార్గెట్టు ఉంది, సరే, మన్రో గుమాస్తాకూ ఉంది. కానీ ఇక్కడ తనిఖీ చేయాల్సినవాడి మెడ మీద కూడా అదే టార్గెట్టు. రాత్రి వీసీలో మండలాల వారీగా పట్టిక తెరమీద వేసి, వెనకబడిన తహసీల్దారును నిలబెట్టి అడిగితే, ఆయన కింది సర్వేయరు కొలతను మళ్లీ కొలిపించి ఆలస్యం చేసుకుంటాడా?

నలుగురైదుగురి భూమిని ఒకే నంబరు కింద చూపే జాయింట్ ఎల్‌పీఎంలు (ల్యాండ్ పార్శిల్ మ్యాపులు) పుట్టింది ఆ తొందరలోనే అని నా అంచనా. నలుగురు పంచుకున్న చేనును నాలుగుగా విడగొట్టాలంటే నలుగురినీ పిలవాలి, ఒప్పించాలి, సబ్ డివిజన్ చేయాలి. అందరినీ ఒకే నంబరులో వేస్తే గంటలో తెమిలిపోతుంది. తర్వాత ఆ రైతు బ్యాంకుకు పోతే మిగతా ముగ్గురి పేర్లూ చూపించి లోను కుదరదంటారు. విస్తీర్ణం తగ్గిందన్న అర్జీలు దానికి తోడు. ఒక మండలంలో నేను చూశాను, అన్నదమ్ముల్లో ఒకడు బెంగళూరులో కూలికి పోయి ఉన్నాడు, నోటీసు ఇంటి తలుపుకు అంటించి వచ్చారు. వాడు సంక్రాంతికి వచ్చేసరికి హద్దు రాయి నాటేసి ఉంది.

పని సగంలో ఉండగానే 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీల్చారు. అనంతపురానికి 31 మండలాలు, శ్రీసత్యసాయికి 32. సిబ్బంది, ఫైళ్లు, కోర్టు కేసులు పంచుకోవడంతోనే కొంతకాలం గడిచింది. 2023 అక్టోబరు 31 నుంచి భూహక్కు చట్టం (ల్యాండ్ టైట్లింగ్ యాక్టు) అమల్లోకి తెచ్చారు. లాయర్లు కోర్టులు బహిష్కరించారు, ఎన్నికల్లో అదే పెద్ద మాటైంది. రికార్డే గట్టిపడని చోట దాన్ని తిరుగులేని హక్కు చేస్తామంటే జనం భయపడటంలో వింతేముంది? ప్రభుత్వం మారాక 2024 జూలైలో ఆ చట్టాన్ని రద్దు చేశారు, ఫొటోల పాసుపుస్తకాల బదులు రాజముద్ర ఉన్నవి ఇస్తామన్నారు. డిసెంబరులో రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు తీసుకున్నారు.

2025 జనవరిలో రీసర్వే మళ్లీ మొదలైంది, ఈసారి మండలానికి ఒక్క ఊరు, ఊరిలో 200 నుంచి 250 ఎకరాలకో బ్లాకు. అంత చిన్నగా మొదలుపెట్టడం నాకు నచ్చింది, నలుగురు గుమాస్తాలతో మొదలైన సంగతి గుర్తొచ్చి. అయితే మొన్న ఒక గ్రామ సర్వేయరు కలిశాడు, మన ఊరి పిల్లవాడే. ఎలా ఉందిరా పని అంటే, "బ్లాకు చిన్నదైంది సార్, గ్రూపులే నాలుగైనాయి" అన్నాడు. చెల్లెలి పెళ్లికి మూడు రోజులు సెలవు కావాలట. చీటీ రాసుకుని సచివాలయం నుంచి తహసీల్దారు ఆఫీసుకు, అక్కడి నుంచి మండల సర్వేయరు దగ్గరికి తిరుగుతున్నాడు, సంతకం ఎవరు పెట్టాలో తేలక.