రెండు బస్సులు కలిసే ఎందుకు వస్తాయి?

చిరంజీవులైన పిల్లలకు,

"అరగంట ఒక్క బస్సూ రాదు, వస్తే రెండూ ఒకేసారి వస్తాయి, ఎందుకు తాతయ్యా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు. మాట మధ్యలో ఆగిపోయింది. తీరిగ్గా చెబుదామని ఈ ఉత్తరం.

డ్రైవర్లు కూడబలుక్కుని అలా వస్తారని చాలామంది తిట్టుకుంటారు. పాపం, వాళ్ళ తప్పు కాదు. బస్సులు 10 నిమిషాలకొకటి బయలుదేరాయనుకోండి. ముందు బస్సు సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఇరుక్కుంది. ఈలోగా తర్వాతి స్టాపులో ఇంకో నలుగురు చేరారు. వాళ్ళు ఎక్కాలి, టికెట్టు కొనాలి, చిల్లర వెతుక్కోవాలి. బస్సు ఇంకాస్త వెనకబడింది. ఆ పై స్టాపులో జనం మరింత పెరిగారు. వెనక బస్సుకేమో ఎక్కేవాళ్ళు తక్కువ, చకచకా వచ్చేస్తుంది. చివరికి కిక్కిరిసిన బస్సు, దాని తోకలా ఖాళీ బస్సు!

ఇప్పుడు లెక్క చూడండి. బస్సులు సమానంగా వస్తే సగటున 5 నిమిషాలు నిలబడతాం. అవే బస్సులు జంటగా 20 నిమిషాలకోసారి వస్తే 10 నిమిషాలు. బస్సుల సంఖ్య మారలేదు, ఖర్చు మారలేదు, మన పడిగాపులు మాత్రం రెట్టింపయ్యాయి. అందుకే కొత్త బస్సులెన్ని వచ్చాయని ఎవరైనా గొప్పగా చెబితే, స్టాపులో మనిషి ఎంతసేపు నిలబడుతున్నాడని నేను అడుగుతాను.

బస్సులు ఇలా ఆలస్యం కాకుండా చూసే పని బ్రెజిల్‌లోని కురిటిబా నగరం బాగా చేసింది. 1974లోనే బస్సులకు రోడ్డు మీద విడిగా దారి ఇచ్చారు. 1991లో గొట్టాల్లాంటి స్టాపులు కట్టారు. టికెట్టు స్టాపులోకి వెళ్ళేటప్పుడే అయిపోతుంది. స్టాపు గచ్చు, బస్సు లోపలి గచ్చు ఒకే ఎత్తు. తలుపులన్నీ తెరుచుకుంటే ఎక్కడం, దిగడం క్షణాల్లో పని. విడిగా దారి ఇస్తే కార్లకు చోటు తగ్గుతుందని కొందరికి కోపం వస్తుంది. కానీ యాభైమందిని మోసే బస్సు, ఒక్కరే కూర్చున్న కారు వెనక ఆగడం నాకు న్యాయంగా అనిపించదు.

ఆ గచ్చు ఎత్తు చిన్న విషయమనుకోకండి. ఒకసారి ఒక ముసలావిడ బస్సెక్కడం దగ్గరుండి చూశాను. మెట్టు ఆవిడ మోకాలంత ఎత్తుంది. ముందు సంచి పైన పెట్టింది, కడ్డీ పట్టుకుంది, ఒక కాలు వేసి ఆగింది, ఊపిరి తీసుకుని రెండో కాలు లాక్కుంది. లోపల ఎవరో "తొందరగా అమ్మా" అని విసుక్కున్నారు. నాకు చాలా బాధేసింది. మెట్టు కిందికి ఉంటే ఆవిడకు ఆ కష్టం ఉండేది కాదు, తర్వాతి స్టాపుల్లో వాళ్ళకు ఆలస్యమూ ఉండేది కాదు.

మీరు ఒక పని చేయండి. వారం రోజులు మీ స్టాపులో ప్రతి బస్సూ వచ్చిన టైము ఒక పుస్తకంలో రాయండి. సెలవులకు వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెండి, కలిసి లెక్క కట్టి డిపో మేనేజర్‌గారికి ఉత్తరం రాద్దాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య