ట్రయోడా, అల్ట్రాలీనియరా? వాల్వు యాంప్లిఫయర్ మోడ్‌లపై అపోహలు - వాస్తవాలు

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో నాది రిపేరు షాపు. ఒకప్పుడు బల్ల నిండా మైకు సెట్లు, వాల్వు రేడియోలే. ఇప్పుడు కుర్రాళ్లు వాల్వు యాంప్లిఫయర్లు (గాజు బుడ్డి వాల్వులతో సౌండు పెంచే సెట్లు) పట్టుకొస్తున్నారు. చాలావాటికి ఒక బుల్లి స్విచ్చి ఉంటుంది: ఇటు ట్రయోడ్, అటు అల్ట్రాలీనియర్. దాని గురించి నేను రోజూ వినే మాటలివి.

అపోహ: "స్విచ్చి వెయ్యగానే తేడా తెలిసిపోద్దన్నా."

తెలుస్తుంది. కానీ ముందు తెలిసేది సౌండు హెచ్చుతగ్గులు.

ఆ స్విచ్చి చేసేది ఒకటే పని, వాల్వు లోపల స్క్రీన్ గ్రిడ్ అనే జాలీని ఎక్కడ కలపాలో మార్చడం. నేరుగా హెచ్‌టీ సప్లైకి, అంటే వాల్వుకిచ్చే హై వోల్టేజీకి కలిపితే పెంటోడ్. వాల్వులో కరెంటు చివరికి చేరే రేకు, ప్లేటుకే కలిపితే ట్రయోడ్. వాల్వులకీ స్పీకర్‌కీ మధ్యనుండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో మధ్యన తీసిన టాపింగ్‌కి కలిపితే అల్ట్రాలీనియర్. జత ఈఎల్34 రకం వాల్వులు 400 వోల్టుల ప్రాంతంలో అల్ట్రాలీనియర్‌లో 35 వాట్ల దాకా ఇస్తాయి, ట్రయోడ్‌లో 16 దగ్గర ఆగిపోతాయి. గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) కూడా తగ్గుతుంది.

మొన్న కావలి నుంచి ఒకబ్బాయి వచ్చాడు. "అల్ట్రాలీనియర్‌లోనే ప్రాణం ఉందన్నా, ట్రయోడ్ చప్పగా ఉంది" అని ఒకటే మాట. స్పీకర్ టెర్మినళ్ల మీద మీటరు పెట్టి, 400 హెర్ట్జ్ టోన్ ఇచ్చి చూశాం. అల్ట్రాలీనియర్‌లో 2.2 వోల్టులు, ట్రయోడ్‌లో 2.0. అంటే 0.8 డెసిబెల్ తేడా. ఇంత చిన్న తేడాను చెవి "సౌండు పెరిగింది" అనుకోదు, "బాగుంది" అనుకుంటుంది. వాల్యూమ్ నాబ్ మీద రెండు గుర్తులు పెట్టి, రెండు మోడ్‌లలోనూ 2.0కి తెచ్చాం. అతన్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి బాలు పాట పెట్టాను (నెల్లూరులో టెస్టుకి బాలు పాట పెట్టకపోతే షాపుకి మర్యాద ఉండదు). పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాడు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

అతని సెట్టు పుస్తకంలో నడుస్తుండగా స్విచ్చి మార్చవచ్చని రాసుంది కాబట్టి అలా మార్చాం. అలా లేకపోతే సెట్టు ఆపి, ఆగి, అప్పుడు మార్చాలి.

నేనూ మోసపోయినవాణ్ణే. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఒక మోడ్ విని, రాత్రి ఇంకో మోడ్ విని, మధ్యాహ్నం విన్నది నీరసంగా ఉందని తీర్పు చెప్పేశాను. మధ్యాహ్నం కరెంటు 200 వోల్టులకి పడిపోయింది. 230కి 6.3 వోల్టులు అందాల్సిన ఫిలమెంటుకి 5.5 అందితే వాల్వు నీరసంగానే ఉంటుంది మరి.

అపోహ: ట్రయోడ్ అంటేనే క్లాస్ ఏ.

రెండిటికీ సంబంధం లేదు. స్క్రీన్‌ను ఎక్కడ కలిపామన్నది ఒక సంగతి. సిగ్నల్ తిరిగే చక్రంలో వాల్వు ఎంతసేపు కరెంటు లాగుతుందన్నది ఇంకో సంగతి, అది బయాస్‌ను (వాల్వు గ్రిడ్‌కి ముందే పెట్టే వోల్టేజీని) బట్టి ఉంటుంది. తాతగారి రేడియోలో ఒంటరిగా ఉండే ఈఎల్84 వాల్వు పెంటోడే. చక్రమంతా పని చేస్తూనే ఉంటుంది కనుక క్లాస్ ఏ కూడా.

అపోహ: పెంటోడ్ అంటే మైకు సెట్టు మోత.

మైకు సెట్టు మోతకి కారణం హారన్, మాట వినిపిస్తే చాలని చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్, నాబ్ చివరిదాకా తిప్పే మన ఆపరేటరు. పెంటోడ్‌ను అనడం అన్యాయం.

పెంటోడ్‌కున్న అసలు చిక్కు వేరే. ఈఎల్34 లోపలి నిరోధం ట్రయోడ్‌గా సుమారు 900 ఓమ్‌లు, పెంటోడ్‌గా సుమారు 15,000. మీ స్పీకర్ వెనక 8 ఓమ్‌లని రాసుంటుంది గానీ, బేస్ దగ్గర ఒకచోట అది 30, 40కి కూడా లేస్తుంది. ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కిచ్చి తప్పు దిద్దుకునే పద్ధతి) లేని పెంటోడ్ అక్కడ వోల్టేజీని కూడా లేపుతుంది, బేస్ గుమ్మెత్తిపోతుంది. ట్రయోడ్ అంతగా లేపదు. ఫీడ్‌బ్యాక్ ఇస్తే పెంటోడ్ కూడా దారికొస్తుంది. అందుకే ఒక ఇంట్లో విని మెచ్చుకున్న సెట్టు మన ఇంటి బాక్సులతో వేరేగా పలుకుతుంది. పోల్చాలనుకుంటే రెండు రకాల బాక్సుల మీద వినండి.

ఇక "తియ్యదనం". ఒంటి ట్రయోడ్ సిగ్నల్‌కి చేసే వక్రతలో (డిస్టార్షన్) ఎక్కువ భాగం రెండో హార్మోనిక్, అంటే సా పలికితే పైన తారస్థాయి సా చేరుతుంది. మూడోది ఆ పైస్థాయి పా. తంబూరా శ్రుతి చేసేవాళ్లకి ఇందులో వింతేం లేదు. పుష్-పుల్‌లో, అంటే రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే సెట్టులో, ఆ జత సమంగా ఉంటే రెండోది చాలావరకు కొట్టుకుపోతుంది. కాబట్టి ఒంటి ట్రయోడ్ గురించి చదివిన వర్ణన మీ పుష్-పుల్ సెట్టులో ట్రయోడ్ స్విచ్చికి అతకదు.

అపోహ: అల్ట్రాలీనియర్ కొత్త టెక్నాలజీ.

హాఫ్లర్, కెరోస్ అనే అమెరికా ఇంజనీర్లు 1951లో ప్రచారంలోకి తెచ్చారు. బ్రిటన్ ఇంజనీరు బ్లమ్లీన్ అంతకుముందే, 1937లో పేటెంటు తీసుకున్నాడు.

అపోహ: రెండు వైర్లు కలిపితే ఏ సెట్టయినా ట్రయోడ్ అవుతుంది.

అవుతుంది, కొన్నిసార్లు పొగ కూడా అవుతుంది. పాత టీవీల్లో లైన్ ఔట్‌పుట్‌కి (తెర మీద గీతలు నడిపే భాగానికి) వాడిన వాల్వుల్లో చాలావాటికి స్క్రీన్ తట్టుకునే వోల్టేజీ ప్లేటు కంటే బాగా తక్కువ. ముందు డేటాషీట్ చూడండి. ఈఎల్34 లాంటివాటికి స్క్రీన్, ప్లేటు మధ్య 100 ఓమ్‌ల రెసిస్టరు ఒకటి పెట్టండి. చేయి పెట్టేముందు ప్లగ్గు తీసి, కెపాసిటర్ల మీద మీటరు పెట్టి చూడండి, 400 వోల్టులు ఇంకా అక్కడే కాచుకొని ఉండొచ్చు. స్క్రూడ్రైవరుతో షార్టు కొట్టొద్దబ్బయ్యా, రెసిస్టరుతో దించండి.