ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదా? అపోహలు - వాస్తవాలు

చెన్నైలో పన్నెండేళ్లుగా పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పిస్తున్నాను. మా దగ్గరికి తెలుగు కుటుంబాలు చాలానే వస్తాయి. అంబత్తూరు, పెరంబూరు, అన్నానగర్ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. ఈమధ్య ఒక తండ్రి ఫోన్ చేసి, "సార్, మా వాడికి పాయింట్ 22 పీసీపీ ఒకటి దొరికింది. సగం డబ్బు కట్టేశాను. గాలి తుపాకీయే కదా, ఏం ఫర్వాలేదు కదా?" అని అడిగారు. (పీసీపీ అంటే సిలిండర్‌లో గాలిని ముందే కుక్కి పెట్టుకునే రకం ఎయిర్ గన్. పాయింట్ 22 అంటే దాని గొట్టం లోపలి వ్యాసం 0.22 అంగుళాలు, దాదాపు 5.5 మిల్లీమీటర్లు.) ఫర్వా ఉంది. పదోక్లాసు చదివే కొడుకు కోసం కొన్న ఆట వస్తువు ఆయన్ని పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కించగలదు. అమ్మినవాడు ఆ మాట చెప్పలేదు. ఇలాంటి ఫోన్లు నెలకు రెండు మూడు వస్తున్నాయి కాబట్టి తరచూ వినే అపోహల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మెరీనా బీచ్‌లో బెలూన్లు పగలగొట్టే తుపాకీయే కదా, దానికి చట్టమేంటి?

వాస్తవం: 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకీని నిర్వచించిన చోట పేలుడు మందు ఒక్కదాని గురించే చెప్పలేదు. పేలుడు వల్ల గానీ, ఇంకే రకమైన శక్తి వల్ల గానీ ఏదైనా వస్తువును దూసుకుపోయేలా చేసే ఆయుధం తుపాకీయే అంది. ఆ "ఇంకే రకమైన శక్తి" అన్న మాటలో స్ప్రింగు, గాలి, గ్యాస్ అన్నీ వచ్చేస్తాయి. అంటే ఎయిర్ గన్ చట్టం బయట లేదు, లోపలే ఉంది. తక్కువ శక్తి గలవాటికి మాత్రం లైసెన్స్ నుంచి మినహాయింపు ఇచ్చారు. బీచ్‌లో అరిగిపోయిన స్ప్రింగుతో పనిచేసే తుపాకీ ఆ మినహాయింపులో హాయిగా ఇమిడిపోతుంది. మీరు కొనబోయేది ఇమడకపోవచ్చు.

ఆ మినహాయింపు ఎంతవరకు? 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం, అంటే బోర్, 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు. మనం పాయింట్ 177 (0.177 అంగుళాలు) అనేది అదే. పెల్లెట్, అంటే ఎయిర్ గన్‌లో వేసే చిన్న గుండు, గొట్టం దాటి బయటికి వచ్చేటప్పుడు దాని శక్తి 20 జౌళ్లు దాటకూడదు. ఈ రెండు షరతులూ ఒకేసారి నెరవేరాలి. ఒకటి తప్పినా లైసెన్స్ కావాలి. జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "మాది పాయింట్ 22 అయినా పవర్ తక్కువే సార్" అంటారు. 0.93 గ్రాముల పాయింట్ 22 పెల్లెట్ సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి పద్దెనిమిదిన్నర జౌళ్లే, నిజమే. కానీ బోర్ 4.5 దాటిపోయింది కాబట్టి శక్తి లెక్క చూపించి తప్పించుకోవడం కుదరదు.

అపోహ: డబ్బా మీద వెయ్యి ఎఫ్‌పీఎస్ (సెకనుకు వెయ్యి అడుగుల వేగం) అని ఉంది కాబట్టి అది లైసెన్స్ తుపాకీయే. (కొందరు ఇదే మాట తిరగేసి, ఎఫ్‌పీఎస్ తక్కువుంటే లైసెన్స్ అక్కర్లేదంటారు.)

వాస్తవం: చట్టం చూసేది వేగాన్ని కాదు, శక్తిని. శక్తి అంటే బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణించగా వచ్చేది. మన పిల్లలు వాడే మామూలు 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 250 మీటర్ల వేగంతో వెళ్తే పదహారున్నర జౌళ్లు. అదే పెల్లెట్ 275 మీటర్ల వేగం అందుకుంటే సరిగ్గా 20 జౌళ్ల గీత దగ్గరికి వచ్చేస్తుంది. తేడా పాతిక మీటర్లే. డబ్బాల మీద అచ్చేసే పెద్ద అంకెలు చాలావరకు తేలికపాటి పెల్లెట్లతో కొలిచినవి. అందుకే డబ్బాను నమ్మకండి. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉన్న చోటికి తుపాకీ తీసుకెళ్లి, మీరు నిజంగా వాడే పెల్లెట్‌తోనే పది షాట్లు కొలిపించండి. పది షాట్లలో ఎక్కువ వచ్చిన అంకెతో లెక్క వేయండి, సగటుతో కాదు.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే అపోహ: ఒకసారి లైసెన్స్ అక్కర్లేని తుపాకీ కొన్నాక దాన్ని ఏం చేసుకున్నా మన ఇష్టం.

పీసీపీ రకం తీసుకోండి. ఇందులో గాలి వాల్వును కొట్టి తెరిచే హ్యామర్ స్ప్రింగును బిగించినా, గాలి ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్‌లో ఒత్తిడి పెంచినా, కొంచెం పొడవు బ్యారెల్ (గొట్టం) వేసినా శక్తి మారిపోతుంది. ఒక స్క్రూడ్రైవర్, అరగంట సమయం, యూట్యూబ్ వీడియో ఉంటే చాలు. 17 జౌళ్ల తుపాకీ 26కి చేరుతుంది. బిల్లు మారదు, సీరియల్ నంబర్ మారదు, చూడ్డానికి తేడా తెలియదు. కానీ ఆ క్షణం నుంచి మీ చేతిలో ఉన్నది లైసెన్స్ లేని ఆయుధం. మీకు వర్తించిన మినహాయింపు ఆ తుపాకీకి ఈ రోజున్న శక్తిని బట్టే గాని, కొన్న రోజున ఉన్నదాన్ని బట్టి కాదు. నేను నేర్పించిన ఒక కుర్రాడే, మంచి గురి ఉన్నవాడు, హాస్టల్ స్నేహితుడి మాట విని స్ప్రింగు మార్చుకున్నాడు. కొలిస్తే 23 వచ్చింది. ఆ సాయంత్రమే పాత స్ప్రింగు వేయించి మళ్లీ కొలిచేదాకా వాణ్ణి ఇంటికి పంపలేదు. వాళ్ల అమ్మ కళ్లలో భయం చూశాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

అపోహ: పవర్ పెరిగితే గురి కుదురుతుంది.

అస్సలు కాదు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ ఆడేది 4.5 మిల్లీమీటర్ల బోర్‌తోనే. ఆ రైఫిళ్ల శక్తి ఏడెనిమిది జౌళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. లక్ష్యం మధ్యలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం కొట్టింది ఈ పోటీలోనే. 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ కూడా ఇదే ఆడాడు. ఆయన పుట్టింది చెన్నైలో, పెరిగింది మన హైదరాబాద్‌లో. మీ అబ్బాయికో అమ్మాయికో ఆట మీద ఇష్టముంటే, లైసెన్స్ అవసరమే లేని తుపాకీతో ఆ మెట్టు దాకా వెళ్లవచ్చు.

ఇక పావురాల సంగతి. బాల్కనీ పాడు చేస్తున్నాయనో, ఊళ్లో మామిడి తోటలో చిలకలు పడుతున్నాయనో ఎయిర్ గన్ అడిగేవాళ్లకు నేను సాయం చేయను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడమే కాదు, గాయపరచడం, చంపడానికి ప్రయత్నించడం కూడా వేటే. గురి తప్పింది కదా అంటే కుదరదు. చిలక, నెమలి రెండూ రక్షిత పక్షులే. వీధి కుక్కను కొట్టినా భారతీయ న్యాయ సంహితలో జంతువును చంపినా, అంగవైకల్యం చేసినా ఐదేళ్ల దాకా శిక్ష వేసే సెక్షన్ 325 ఉంది. తుపాకీకి లైసెన్స్ అక్కర్లేదంటే దానితో ఏదైనా కాల్చవచ్చని కాదు. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద కాల్చేవాళ్లూ ఆలోచించాలి. గోడకు తగిలి ఎగిరిన పెల్లెట్ పక్కింటి పాప కంట్లో పడితే పోయిన చూపును ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

అమెరికాలో ఉన్న బావగారు సూట్‌కేసులో తెస్తానన్నారా? వద్దని చెప్పండి. అక్కడి కేంద్ర చట్టం పేలుడు మందుతో పేలేదాన్నే తుపాకీ అంటుంది కాబట్టి ఆయనకది సామాన్య వస్తువు. ఇక్కడ ఆయుధాల దిగుమతికి విడిగా అనుమతి కావాలి, లేకపోతే కస్టమ్స్ దగ్గరే ఆగిపోతుంది. సైలెన్సర్ కూడా అంతే. చప్పుడు తగ్గించే పరికరాన్ని చట్టం తుపాకీ నిర్వచనంలోనే చేర్చింది. ఆన్‌లైన్‌లో మూడు వందలకు దొరుకుతోందని కొనకండి.

మరి ఎక్కువ శక్తి గలది నిజంగానే కావాలనుకుంటే? "లైసెన్స్ ఎలాగూ రాదు, అడగడం దండగ" అనేదీ అపోహే. చెన్నై నగరంలో ఉంటే పోలీస్ కమిషనర్‌కు, జిల్లాల్లో అయితే కలెక్టర్‌కు దరఖాస్తు చేయాలి. 21 ఏళ్లు నిండాలి. పోలీసు విచారణ ఉంటుంది. ఎందుకు కావాలో కారణం చెప్పాలి. రైఫిల్ క్లబ్ సభ్యత్వం, పోటీల్లో వచ్చిన స్కోర్ల కాగితాలు దగ్గరుంటే ఆ కారణానికి బలం వస్తుంది. 2019 సవరణ తర్వాత లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. సమయం పడుతుంది, ఓపిక కావాలి.

మొదట చెప్పిన తండ్రి డీల్ రద్దు చేసుకున్నారు. కట్టిన డబ్బులో కొంత పోయింది. వారం తర్వాత మళ్లీ ఫోన్ చేసి, నెల్లూరులో అటక మీద తమ నాన్నగారు ఎప్పుడో కొన్న పాయింట్ 22 ఎయిర్ గన్ ఒకటి ఉందని, దాన్నేం చేయాలని అడిగారు. దగ్గర ఉంచుకునే హక్కు పోయిన ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలని చట్టంలోని సెక్షన్ 21 చెబుతుంది. పాత బిల్లు వెతికి పట్టుకుని, ముందు ఒక లాయర్‌తో మాట్లాడి, తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, అప్పుడు తీసుకెళ్లమన్నాను. తీసుకెళ్లారు. డిపాజిట్ చేసిన రసీదు ఫోటో నాకు పంపారు.