బొగ్గు రంధ్రాల్లో ఎవరుంటారు?

ప్రియమైన పిల్లలూ,

పత్తి కట్టెను చేలో కుప్పపోసి తగలబెట్టొద్దని నేనెందుకు అంతగా పట్టుబడతానో రాయమన్నారు కదా, రాస్తున్నాను.

ఆరుబయట కాలిస్తే కట్టె పొగైపోయి చివరికి బూడిదే మిగులుతుంది. అదే కట్టెను గాలి సరిగా ఆడని డ్రమ్ములో కాలిస్తే బొగ్గవుతుంది. నేలలో వేయడానికి ఇలా చేసిన బొగ్గే బయోచార్. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ వాళ్లు పత్తి, కంది, ఆముదం కట్టెలతో దీన్ని చేసుకునే డ్రమ్ము పొయ్యిని రూపొందించారు.

కంది కట్టె బొగ్గును అడ్డంగా విరిచి భూతద్దంతో చూడండి. సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. మొక్క బతికున్నప్పుడు వేరు నుంచి ఆకు దాకా నీళ్లు ఎక్కిన గొట్టాలే అవి! తడి, వాయువులు, తారు పోయినా గొట్టాల ఆకారం మాత్రం నిలిచింది. వాటి వెడల్పు పదుల మైక్రాన్లు. వెయ్యి మైక్రాన్లయితే ఒక మిల్లీమీటరు. ఆ గొట్టాల గోడల్లో మళ్లీ కంటికి అందని రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. చాలావాటి వెడల్పు 2 నానోమీటర్లు కూడా ఉండదు.

బాగా కాలిన బొగ్గు ఒక్క గ్రాములో వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుందని, అదంతా సూక్ష్మజీవులకు ఇల్లేనని చాలామంది చెబుతారు. మొదటి మాట నిజం. రెండోది నేను ఒప్పుకోను. బ్యాక్టీరియా సుమారు ఒక మైక్రాన్, అంటే 1000 నానోమీటర్లు. రెండు నానోమీటర్ల సందులోకి అదెలా దూరుతుంది? ఆ ఉపరితలంలో ఎక్కువ భాగం ఇలాంటి సందులదే. వాటికి పోషకాలు అంటుకుంటాయి, అంతే. అక్కడ చిక్కిన నీటిని మొక్క వేరు కూడా లాగలేదు.

బ్యాక్టీరియా కాపురం పెట్టేది కొన్ని మైక్రాన్ల వెడల్పున్న రంధ్రాల్లో, పగుళ్లలో. నేలలో వాటిని తినే ప్రోటోజోవాలు (ఒకే కణంతో బతికే జీవులు), నులిపురుగులు ఉంటాయి. వాటిలో చాలావాటికి ఒళ్లు పెద్దది, ఆ రంధ్రాల్లో పట్టవు. పైగా వానకూ వానకూ మధ్య అక్కడ కాస్త తడి ఆగుతుంది. వేళ్లతో పొత్తు పెట్టుకునే శిలీంధ్రాల పోగులు కూడా ఆ గొట్టాల్లోకి పాకుతాయి.

అయితే పొయ్యిలోంచి తీసిన బొగ్గును తిన్నగా చేలో చల్లకండి. దాంట్లో మొక్కకు పనికొచ్చే తిండి తక్కువ. ఉల్టా నేలలోని నత్రజనిని కొన్నాళ్లు తనే పట్టి ఉంచుతుంది, పైరు ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. అమెజాన్ అడవుల్లో వందల ఏళ్ల కిందటి మనుషులు వదిలిన నల్లనేలలు ఇప్పటికీ సారవంతంగా ఉన్నాయంటే, అక్కడ బొగ్గొక్కటే లేదు. ఎముకలు, వంటింటి చెత్త, మలం కలిసి ఉన్నాయి. మనమూ పశువుల ఎరువులో కలిపి, జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణం) పోసి, కొన్ని వారాలు మాగనిద్దాం.

ఇంకోటి. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్ర చెల్కల్లో దీని అవసరం ఎక్కువ. నల్లరేగడి నీటిని తనే పట్టుకుంటుంది. చౌడు నేలల్లో మాత్రం వద్దు. వాటిలో క్షారగుణం ముందే ఎక్కువ, బొగ్గులోని బూడిదకూ అదే గుణం ఉంటుంది.

సెలవుల్లో వచ్చినప్పుడు ముందు రెండు మళ్లలో వేసి చూద్దాం, ఒకదాంట్లో మాగిన బొగ్గు, రెండోదాంట్లో ఉత్త ఎరువు. బొగ్గు నలిపే ముందు నీళ్లు చల్లండి, ఆ దుమ్ము పీల్చకూడదు.

మీ తాతయ్య