తొమ్మిదో తరగతిలో ఫ్రెంచి విప్లవాన్ని ఎవరు ఎత్తేశారు?

తిరుపతిలో మళ్లీ అదే గొడవ మొదలైంది. మా అబ్బాయి చదివే ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి సోషల్ పీరియడ్లు సగానికి కోసి ఐఐటీ ఫౌండేషన్‌కు ఇచ్చేశారు. రాత్రి పదకొండు దాకా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వాదనే. ఎంపీసీ తీసుకునేవాడికి ఫ్రెంచి విప్లవం దేనికని ఒకాయన, హిట్లర్ ఎవరో తెలియకుండానే పిల్లల్ని పది దాటిస్తారా అని ఒకామె.

సోషల్ అంటే చులకన ఎప్పటినుంచో ఉంది, అదంతా తవ్వను. నా దృష్టిలో అసలు మలుపు 2022.

అంతకుముందు పదో తరగతిలో సోషల్‌కు రెండు పేపర్లుండేవి. మొదటిది భూగోళం, ఆర్థికం. రెండోది చరిత్ర, పౌరశాస్త్రం. 2014లో వచ్చిన పుస్తకంలో రెండో భాగం పేరే 'సమకాలీన ప్రపంచం, భారతదేశం'. రెండు ప్రపంచ యుద్ధాలు, వర్సెయిల్స్ సంధి, ఆర్థిక మాంద్యం, రష్యా, నాజీ జర్మనీ, ఆ తర్వాత చైనా, వియత్నాం, నైజీరియా పోరాటాలు, ఇవన్నీ అందులోనే. పబ్లిక్ పరీక్షలో దానికంటూ ఒక రోజు, ఒక పేపరు ఉండేది కాబట్టి ఏ స్కూలూ ఎగ్గొట్టే వీలు లేదు. చిత్తూరులో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైన మా మేనమామ ఇప్పటికీ ఇదే అంటాడు, రెండో పేపరు ఉన్నంతకాలం ఆయన పీరియడ్ అడిగే ధైర్యం లెక్కల సారుకు కూడా ఉండేది కాదట.

కరోనా వచ్చింది. 2020లో, 2021లో పరీక్షలే లేవు, అందరూ పాస్. 2022లో పరీక్షలు మళ్లీ పెట్టినప్పుడు పిల్లల మీద భారం తగ్గించాలని సోషల్‌ను 100 మార్కుల ఒకే పేపరు చేశారు. ఆ ఏడాదికి అది సబబే, రెండేళ్లు బడి సరిగ్గా సాగని పిల్లలు వాళ్లు. కానీ ఆ రెండో పేపరు మళ్లీ రాలేదు. నాలుగు సబ్జెక్టులు 100 మార్కులు పంచుకుంటే చరిత్రకు దక్కేది పాతిక దరిదాపు, అందులో మన జాతీయోద్యమం పోగా ప్రపంచానికి ఎన్ని మిగులుతాయో లెక్క వేసుకోండి. మేనేజ్‌మెంట్లు ఆ లెక్క అప్పుడే వేసుకున్నాయి.

ఆ తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి, తొమ్మిదికి 2023-24లో, పదికి 2024-25లో. పుస్తకాల మీద నాకు కోపం లేదు, పాఠాలు బాగున్నాయి. చిక్కల్లా ఫ్రెంచి విప్లవం, రష్యా విప్లవం, హిట్లర్, మూడూ తొమ్మిదిలో ఉండటమే. తొమ్మిదికి పబ్లిక్ పరీక్ష లేదు. ఇక్కడ చాలా ప్రైవేటు స్కూళ్లలో సంక్రాంతి సెలవులు కాగానే తొమ్మిదివాళ్ల చేతికి పదో తరగతి పుస్తకం ఇస్తారు. అంటే మంచి పాఠాలన్నీ ఎవరూ చదవని ఏడాదిలో పడ్డాయి.

పదిలో మొదటి చరిత్ర పాఠం యూరప్‌లో జాతీయవాదం. అది సోర్యూ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1848లో వేసిన బొమ్మతో మొదలవుతుంది. అందులో స్వేచ్ఛాదేవత ఒక చేతిలో కాగడా, ఇంకో చేతిలో మానవ హక్కుల పత్రం. ఆ పత్రం 1789 విప్లవంలోంచి వచ్చిందని తొమ్మిదిలో చదవని పిల్లవాడికి ఆ బొమ్మలో ఏం అర్థమవుతుంది? వాడు గైడు తెచ్చుకుని బిట్లు బట్టీ పడతాడు, మా వాడు పడుతున్నట్టే.

మేనేజ్‌మెంట్ చెప్పేదీ ఉంది, జేఈఈలో చరిత్ర అడగరు, తల్లిదండ్రులే ఫౌండేషన్ కావాలంటున్నారు అని. నిజమే, గ్రూపులో సగం మంది వాళ్ల వైపే.

ఇవి మన ఊరికి సంబంధం లేని పాఠాలు అని వాళ్లలో ఒకరు రాశారు. నాకు బాధనిపించింది ఆ మాటకే. అమెరికాలోని వలస రాజ్యాలు బ్రిటన్ మీద తిరగబడితే 1778లో ఫ్రాన్స్ అమెరికావాళ్ల పక్షాన యుద్ధంలోకి దిగింది. దానికి బదులుగా ఇక్కడ ఇంగ్లీషువాళ్లు 1779లో మలబారు తీరంలో ఫ్రెంచివాళ్ల మాహే రేవును పట్టుకున్నారు. తనకు ఆయుధాలు దిగే ఆ రేవు పోయేసరికి మైసూరు పాలకుడు హైదర్ అలీ 1780లో కర్ణాటిక్ మీదికి, అంటే ఇంగ్లీషువాళ్ల అండ ఉన్న ఆర్కాటు నవాబు రాజ్యం మీదికి దండెత్తాడు, ఆ యుద్ధం మధ్యలోనే 1782 డిసెంబర్ 7న వీపు మీద రాచపుండుతో మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో చనిపోయాడు. అదే అమెరికా యుద్ధం ఖర్చు ఫ్రాన్స్‌ను అప్పుల్లో ముంచి విప్లవం దాకా తెచ్చిందని తొమ్మిదో తరగతి పుస్తకం మొదటి పాఠంలోనే ఉంది. మా అబ్బాయి బస్సులో చిత్తూరు ఎన్నిసార్లు వెళ్లాడో లెక్కలేదు, ఈ ముక్క వాడికి ఎవరూ చెప్పలేదు.

శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. రెండో పేపరు తెప్పించడం స్కూలు చేతిలో లేదని మాకు తెలుసు. అందుకే అడగబోయేది ఒక్కటే, తొమ్మిదిలో ఆ మూడు పాఠాలు పూర్తయ్యేదాకా పదో తరగతి పుస్తకం తెరవొద్దని. ఇప్పటికి పదకొండు మంది సంతకాలు పెట్టారు.