థ్రెడ్లు ఎన్ని ఉండాలి?

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొని జిన్నింగ్ మిల్లుకు పంపే ఒక వ్యాపార సంస్థను ఊహించుకుందాం. తూకాలు కాటా దగ్గరి కంప్యూటర్లో, రైతుల చెల్లింపులు అకౌంట్ల ప్యాకేజీలో, జమాఖర్చులు బ్యాంకు సర్వర్‌లో ఉంటాయి. ‘కొన్న సరుకుకు ఇంకా ఎంత చెల్లించాలి?’ అన్న ఒక్క ప్రశ్నకు ప్రోగ్రాము మూడింటినీ కదిలించాలి.

ఈ పనిలో లెక్క కన్నా నిరీక్షణే ఎక్కువ. సర్వర్‌ను సమాచారం అడిగే ఒక్కో రిక్వెస్టుకు అర సెకను పడితే, అందులో ప్రాసెసర్ పనిచేసేది కొన్ని మిల్లీసెకన్లే; మిగతాదంతా అవతలి సర్వర్ జవాబు కోసం ఎదురుచూడటమే. 200 రిక్వెస్టులను వరుసగా పంపితే 100 సెకన్లు పడుతుంది. ఒకే ప్రోగ్రాములో, ఒకే మెమరీని పంచుకుంటూ విడివిడిగా నడిచే పని వరుసలైన 10 థ్రెడ్లకు అప్పగిస్తే సుమారు 10 సెకన్లు చాలు.

అలాగని 100 థ్రెడ్లు పెడితే ఒక్క సెకనులో ముగియదు. కాటా ఒక్కటే ఉన్నచోట హమాలీలను ఎంతమందిని పెంచినా తూకం వేగం పెరగదు. వ్యవస్థలో సగటున ఎన్ని పనులు ఉంటాయో తెలియాలంటే, అవి వచ్చే వేగాన్ని ఒక్కో పనికి పట్టే కాలంతో గుణించాలి. 1961లో అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ నిరూపించిన సూత్రమిది. సర్వర్ సెకనుకు 20 రిక్వెస్టులే తీసుకోగలిగితే, అర సెకను చొప్పున 10 థ్రెడ్లతోనే దాని శక్తి నిండిపోతుంది. అందుకే ప్రోగ్రాములు రాయడానికి వాడే సిద్ధపు చట్రాలు, అంటే ఫ్రేమ్‌వర్కులు, థ్రెడ్లను పరిమిత సంఖ్యలో పూల్ అనే ఒక గుంపులో ఉంచుతాయి; 2004లో వచ్చిన జావా ప్రోగ్రామింగ్ భాష ఐదో వెర్షన్ ఈ ఏర్పాటును తన ప్రామాణిక లైబ్రరీలోనే ఇచ్చింది. తూకాలు, చెల్లింపులు, బ్యాంకు అనే ఒక్కో అప్లికేషన్‌కు విడిగా ఒక పూల్ ఉండటం నా దృష్టిలో తప్పనిసరి. లేకుంటే బ్యాంకు సర్వర్ మొరాయించిన రోజు థ్రెడ్లన్నీ అక్కడే చిక్కుకుని, తూకాల లెక్క కూడా ఆగిపోతుంది.

వేగం సంగతి అలా ఉంచితే, అసలు చిక్కు మొత్తం కూడేటప్పుడు వస్తుంది. ఒక థ్రెడ్ 5,000 క్వింటాళ్లని చదివి 40 కలిపి రాసేలోపు, రెండోదీ అదే 5,000ను చదివి 60 కలుపుతుంది. 5,100 ఉండాల్సిన చోట చివరికి 5,060 మిగులుతుంది. ఎర్రర్ మెసేజు రాదు. మళ్లీ నడిపితే సరిగ్గానే రావచ్చు కూడా. ఒకరు సవరిస్తుండగా మరొకరు చొరబడకుండా చూసే పద్ధతిపై డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1965లోనే పరిష్కారం ప్రచురించారు. అయితే ఇక్కడ అలా ఒకసారికి ఒక్కరినే అనుమతించే లాకుల కన్నా, ఒక్కో థ్రెడ్ తన ఉపమొత్తాన్ని తానే ఉంచుకుని, చివర ఒకేచోట కూడటం సులువు.

లాకులతో తీరని తేడా మరొకటి ఉంది. తూకాలను 6:00 గంటలకు, చెల్లింపులను 6:02కు చదివితే, ఆ మధ్యలో కాటా పడి డబ్బు కూడా చేతికందిన లాటు చెల్లింపుల్లో కనబడుతుంది కానీ తూకాల్లో ఉండదు. బాకీ ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది. కాబట్టి ప్రతి థ్రెడ్‌కూ ఒకే గడువు సమయాన్ని ఇచ్చి, అప్పటివరకు జరిగినవే తెమ్మనాలి. ఆలస్యంగా నమోదైనవి జారిపోకుండా, తరువాతి విడతలో గడువుకు ముందరి కొన్ని నిమిషాలను మళ్లీ చదివి, లాటు నంబరును బట్టి రెండుసార్లు వచ్చిన వాటిని తీసేయాలి.