ధైర్యం, నాయకత్వం: శిక్షణ తరగతుల్లో తరచూ వినిపించే అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవారికీ, నగరంలోని పొదుపు సంఘాల మహిళలకూ నాయకత్వ శిక్షణ ఇవ్వడం నా వృత్తి. తరగతికి వచ్చేవారికి తెలివితేటల్లో లోటేమీ ఉండదు. చిన్నప్పటి నుంచి విని నిజమని నమ్మిన కొన్ని మాటలే వారిని వెనక్కి లాగుతుంటాయి.

అపోహ: ధైర్యవంతులకు భయం ఉండదు.

వాస్తవం: అపాయం ఎదురైనప్పుడు అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరగడం, అరచేతులు చెమర్చడం, నోరు ఎండిపోవడం మనిషికి సహజమైన శరీర ధర్మాలు. భయం పోయాక మాట్లాడదామని కూర్చుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. లారీల షెడ్డులో పనిచేసే ఒక హెడ్ మెకానిక్, బ్రేకు డ్రమ్ము పగిలి ఉందని కళ్లారా చూసి కూడా, "ఈ ట్రిప్పుకి బిగించి పంపెయ్" అన్న యజమానికి ఎదురు చెప్పలేకపోయేవారు. తరగతిలో ఆయన చేత ఒకే వాక్యాన్ని పలికించాను: "డ్రమ్ము పగిలిందండీ, మార్చకుండా బండి బయటికి పంపలేనండీ." మొదటిసారి నేలచూపులు చూస్తూ సగం మాట మింగేశారు, పదే పదే పలికాక, గొంతు వణుకుతున్నా, వాక్యం పూర్తిగా బయటికి వచ్చింది. అందులో ముందు కారణం ఉంది, తర్వాత నిర్ణయం ఉంది, ఎవరి మీదా నింద లేదు. ధైర్యానికి సాధన అంటే నా దృష్టిలో ఇదే.

అపోహ: నలుగురూ ఒకవైపు ఉన్నప్పుడు ఒక్కరి మాటకు విలువ ఉండదు.

వాస్తవం: 1950ల్లో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవులను పోల్చమంటూ కొన్ని ప్రయోగాలు చేశారు. గదిలోని మిగతావారంతా కావాలనే తప్పు చెప్పినప్పుడు చాలామంది, కంటికి కనిపిస్తున్న నిజాన్ని కూడా వదిలేసి, వారితో గొంతు కలిపారు. అయితే ఒక్కరు సరైన జవాబు చెబితే చాలు, ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది.

అపోహ: జనాన్ని ఉర్రూతలూగించే ఉపన్యాసకుడే నాయకుడు.

వాస్తవం: ఈ అపోహకు నేను ఎప్పుడూ చీరాల-పేరాల చరిత్రనే జవాబుగా చెబుతాను. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న ఆ ఊళ్లను మున్సిపాలిటీగా మార్చి పన్నుల భారం పెంచినప్పుడు, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం 1921లో ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. ఆయన గొప్ప వక్త అన్నది నిజమే. కానీ ఎండకూ వానకూ ఓర్చి, పిల్లాపాపలతో పాకల్లో అన్ని నెలలు ఉండటం ఉపన్యాసం ఇచ్చిన ఊపు ఒక్కదానితో అయ్యే పని కాదు. ఆ పట్టుదల వెనుక ఆయన ముందుగానే తీర్చిదిద్దిన రామదండు సేవాదళం ఉంది; 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల్లో క్రమశిక్షణ బాధ్యతను మోసినది కూడా ఆ దళమే. ఆయన జైలు పాలయ్యాక ఉద్యమం నీరసించి, జనం చివరకు తిరిగి ఊళ్లలోకి వెళ్లారు. నాయకుడి స్థానంలో నిలబడగల రెండో వరుస ఎంత అవసరమో దీన్నిబట్టి గ్రహించాలని నేను గట్టిగా చెబుతాను. అంతమాత్రాన అది ఓటమి అనడానికి మాత్రం నాకు మనసొప్పదు.

అపోహ: సానుకూల దృక్పథం అంటే చెడు జరుగుతుందని తలచకపోవడం.

వాస్తవం: 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ పరిసరాలు మునిగిపోయాయి. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. అటువంటి వేళ "మనకేం కాదులే" అన్న మాట ఎవరినీ కాపాడదు. రాబోయే కష్టాన్ని ముందే ఊహించి, తట్టుకోగలమన్న నమ్మకంతో ఏర్పాట్లు చేసుకోవడమే నేను నేర్పే సానుకూలత. అందుకే పొదుపు సంఘాల తరగతిలో ప్రతి సభ్యురాలి చేతా ఒక కాగితం రాయిస్తాను. తన వీధిలో నడవలేని పెద్దలూ బాలింతలూ ఎవరు, వారిని మేడ మీదకు చేర్చే బాధ్యత ఎవరిది, ఆ మనిషి ఊళ్లో లేకపోతే ఆ పని చూసేది ఎవరు అన్న మూడు ప్రశ్నలకూ అందులో పేర్లతో సహా జవాబు ఉండాలి.